అనంతపురంలో బెత్తెడు చంద్రుడు: ప్రాజెక్టు డైరీ

జనవరి, సంక్రాంతి వెళ్ళాక

నేను ఫ్రిజ్‌లూ ఏసీలూ బాగుచేసేవాణ్ని. కాబట్టి ఈ డైరీలో సైన్సు కంటే పంపులు, గాస్కెట్లు, లీకుల గోలే ఎక్కువ ఉంటుంది. ప్రాజెక్టు మాత్రం మా అక్క కూతురిది. ఇక్కడే అనంతపురంలో డిప్లొమా ఎలక్ట్రానిక్స్ ఆఖరి సంవత్సరం. పండక్కి ఇంటికొచ్చినప్పుడు మెల్లగా కదిపింది.

"మామా, నీ వ్యాక్యూమ్ పంపు రాత్రిళ్ళు ఖాళీగానే ఉంటాది కదా?"

"ఉంటాది. ఏంటికి పాపా?"

"చంద్రుణ్ని చేయాల."

విషయం ఏమిటంటే, 2023 ఆగస్టు 23న చంద్రుడి మీద దిగిన చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండరులో చాస్టే అనే పరికరం ఉంది. తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రానికి చెందిన స్పేస్ ఫిజిక్స్ లాబొరేటరీ, అహ్మదాబాదు ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీతో కలిసి చేసింది. పని చూస్తే చాలా మామూలుది: ఒక కడ్డీ మోటారుతో మట్టిలోకి 10 సెంటీమీటర్ల దాకా దిగుతుంది, దాని పొడవునా ఉన్న 10 సెన్సర్లు ఏ లోతులో ఎంత వేడి ఉందో చెబుతాయి. దిగిన నాలుగో రోజుకే ఇస్రో గ్రాఫు బయటపెట్టింది. పైన 50 నుంచి 60 డిగ్రీలు. 8 సెంటీమీటర్ల కింద మైనస్ 10. అంటే బెత్తెడు లోతులో అరవై డిగ్రీల పైన తేడా.

మే నెల మిట్టమధ్యాహ్నం మా మిద్దె మీద కాలు పెట్టినవాణ్ని కాబట్టి 60 డిగ్రీలు నాకు కొత్త కాదు. ఆ బెత్తెడు తేడాయే పట్టుకుంది నన్ను. మా వృత్తిలో అట్లాంటి తేడా నిలబెట్టాలంటే ఫ్రిజ్ గోడలో పఫ్ (వేడిని ఆపే గట్టి నురగ) పోస్తాం. పఫ్ ఉష్ణవాహకత్వం 0.02 పైచిలుకు (వాట్లు, మీటరుకు, డిగ్రీకి, ఇకమీదట అంకె ఒక్కటే రాస్తాను). చంద్రుడి పైపొర దుమ్ముది 0.001, 0.002 దగ్గర. పఫ్ కంటే దాదాపు పదిరెట్లు మేలైన ఇన్సులేషను ఉత్త దుమ్ము! అదే దుమ్మును ఇక్కడ గాలిలో పెడితే 0.2 చూపిస్తుంది. వేడిని మోసేది రాతిగింజలు కాదు, గింజల సందుల్లోని గాలి. గాలి తీసేస్తే గింజ గింజను తాకే చిన్న చిన్న చుక్కలే మిగులుతాయి.

అందుకు నా పంపు కావాలి.

వేరేది ఏదన్నా చేయొచ్చు కదా అని అడిగాను. అదే విక్రమ్‌లో ఇల్సా అనే చంద్రకంపాల పరికరం కూడా ఉంది, రోవరు నడిచిన అదురు కూడా దానికి తెలిసింది. లారీలు తిరిగే రోడ్డు పక్కన నా షెడ్డులో అట్లాంటిది పెడితే రాత్రంతా లారీలనే లెక్కపెడుతుంది. వేడే మేలు.

చాంబరు

ఎనిమిది అంగుళాల ఇనుప పైపు అడుగు పొడవు ముక్క, కింద దట్టమైన ప్లేటు వెల్డింగు, పైన ఫ్లాంజి, దాని మీద ఓ-రింగు. వెల్డింగు షాపు భాయ్ "నీళ్ళకా, గ్యాసుకా?" అని అడిగాడు. ఏమీ లేనిదానికి అన్నాను. కాసేపు చూసి, అయితే రెండు కోటింగులు వేస్తానన్నాడు. వేశాడు కూడా.

మూతకు 19 మిల్లీమీటర్ల టఫెన్డ్ అద్దం. గాలి తీసేశాక అద్దం మీద బయటి గాలి బరువు మూడు వందల కిలోలు దాటుతుంది, ఇక్కడ కక్కుర్తి పనికిరాదు. కడ్డీ దిగడానికి అద్దం మధ్యలో రంధ్రం కావాలి. ఆ రంధ్రం టఫెన్ చేయకముందే వేయించాలి. తర్వాత డ్రిల్లు పెడితే పలక మొత్తం ముక్కలైపోతుంది. బెంగళూరు నుంచి వచ్చేసరికి నెల గడిచింది.

కడ్డీ రంధ్రంలోంచి పైకీ కిందికీ కదలాలి, గాలి మాత్రం దూరకూడదు. దీనికి మేనకోడలు ఏవో ఖరీదైన సీళ్ళు చూపించింది. పాత స్ప్లిట్ ఏసీ సర్వీసు వాల్వు స్పిండిలు చుట్టూ ఉండే గ్లాండు ప్యాకింగు అదే పని ఎన్నో ఏళ్ళుగా చేస్తోంది. అది పెట్టాం. పైన ఎం8 త్రెడ్ రాడ్డు. ఒక చుట్టుకు 1.25 మిల్లీమీటర్లు దిగుతుంది, పది సెంటీమీటర్లకు ఎనభై చుట్లు. మోటారు పెడదామంది, చేత్తో తిప్పితే మట్టి ఎట్లా అడ్డుకుంటోందో వేళ్ళకే తెలుస్తుందని నేను ఒప్పుకోలేదు.

దింపడం చిన్న పనేమీ కాదు. అపోలో 15లో 1971లో వ్యోమగామి డేవిడ్ స్కాట్ వేడి కొలిచే కడ్డీల కోసం డ్రిల్లు పెట్టి మూడు మీటర్లు దింపాలనుకుంటే సగం దగ్గరే ఇరుక్కుపోయింది. అంగారకుడి మీద ఇన్‌సైట్ ల్యాండరు సుత్తి సెన్సరు అయిదు మీటర్లు దిగాల్సింది, మట్టి పట్టు దొరక్క పైపైనే ఊగి, చివరికి 2021 జనవరిలో వదిలేశారు. చాస్టే పది సెంటీమీటర్లకే ఆశపడింది, పని అయింది. ఆశ తక్కువ పెట్టుకోవడం కూడా ఇంజినీరింగేనని నా అభిప్రాయం.

తాడిపత్రి దుమ్ము

ఇస్రో వాళ్ళు తమిళనాడు సిత్తంపూండి దగ్గర దొరికే అనార్థోసైట్ రాయిని నూరి చంద్రుడి మట్టి తయారుచేసుకున్నారు. చంద్రుడి ఎత్తైన తెల్లటి ప్రాంతాల రాయి అదే రకం. మాకు తాడిపత్రి దగ్గర. అక్కడ రాళ్ళు కోసే ఫ్యాక్టరీల పక్కన తెల్లబూడిద, నల్లబూడిద గుట్టలు గుట్టలుగా పోసి ఉంటాయి.

అయితే ఏ గుట్ట? తాడిపత్రి అంటే నాపరాయి. అది సున్నపురాయి, చంద్రుడి మీద దాని జాడే ఉండదు. మాకు కావాల్సింది వ్యాపారంలో 'బ్లాక్ గ్రానైట్' అని అమ్మేది. నిజానికి అందులో ఎక్కువభాగం డోలరైట్, మన జిల్లా గట్ల మీద నల్లగా గోడల్లా సాగే డైకుల రాయి. చంద్రుడి నల్లమచ్చల్లోని బసాల్టుకు దగ్గర చుట్టం: ఖనిజాలు చూస్తే అదే పైరాక్సీన్, అదే ప్లాజియోక్లేజ్. చాలా ఫ్యాక్టరీల్లో అన్ని రాళ్ళూ ఒకే తొట్టి నీళ్ళలో కోస్తారు కాబట్టి బురద కలగాపులగం. నల్లరాయి మాత్రమే కోసే చోటు వెతికి, ఒక బస్తా ఎండిన బురద తెచ్చాం. డబ్బులు తీసుకోలేదు, ఇంకో లోడు తీసుకుపొమ్మన్నారు.

రెండు పరీక్షలు. బాత్రూం కడిగే యాసిడ్ చుక్క వేస్తే బుస్సుమని పొంగితే సున్నపురాయి కలిసినట్టు. మాది పొంగలేదు. తర్వాత స్పీకరు అయస్కాంతం తిప్పాం. పెద్ద గ్యాంగ్‌సాలు (రాతి దిమ్మెను పలకలుగా కోసే యంత్రాలు) ఉక్కు గింజలు వాడతాయి, ఆ ఇనుము బురదలోకి వస్తుంది. అయస్కాంతానికి కాస్త అంటుకుంది. పలచగా పరిచి పదేపదే తిప్పి తీసేశాం. డోలరైట్‌లో సొంతంగానే కొంచెం మాగ్నటైట్ ఉంటుంది కాబట్టి పూర్తిగా పోలేదు, అక్కడితో ఆపాం.

ఇదంతా మాస్కు కట్టుకునే చేయాలి, గుడ్డ కాదు, గట్టి మాస్కు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగితే మళ్ళీ బయటికి రాదు. ఆ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళలో మాస్కు ఉన్నవాళ్ళు నాకు పెద్దగా కనబడలేదు.

ఖనిజం ఎంత పోలినా వేడి విషయంలో దానికంటే గింజ పరిమాణం, గట్టిదనం ముఖ్యం. చంద్రుడి మట్టిలో సగటు గింజ 60 నుంచి 80 మైక్రాన్లు. గాలీ నీరూ లేవు కాబట్టి అంచులు అరగవు, గాజుపెంకు పదును. రంపం కింద రాలిన పొడిక్కూడా అంతే పదును, ఇది మా అదృష్టం. జల్లెడ పట్టి, ఆరంగుళాల పీవీసీ పైపు ముక్కలో నింపాం. పీవీసీ ఎందుకంటే, పొడి నేరుగా ఇనుప గోడను తాకితే వేడి గోడ పట్టుకుని అడుగుకు పోతుంది. ఊరికే పోస్తే ఘనసెంటీమీటరుకు 1.1 గ్రాములు, తట్టి తట్టి నింపితే 1.5 దాటింది. అపోలో వాళ్ళు తెచ్చిన పైపొర మట్టి కూడా సగటున 1.5 దగ్గరే.

తడి

ఖాళీ చాంబరులో నా రెండు స్టేజీల పంపు 90 మైక్రాన్లకు లాగింది. (ఏసీ వాళ్ళ మైక్రానంటే ఒత్తిడిని చెప్పే పాదరసం కొలత, గింజ మైక్రానుతో కలపొద్దు.) ఏసీ లైనుకు 500 వస్తే చాలు, గ్యాసు ఎక్కించేస్తాం. పొడి పెట్టాక మాత్రం 2000 దగ్గర మొండికేసింది. ఎంతసేపు నడిపినా అంతే. లీకు కాదు, ఎందుకంటే పంపు నూనె రంగు మారింది: మజ్జిగలా తెల్లగా. నీళ్ళు! ఎండలో కరకరలాడేట్టు ఎండిన పొడి కూడా గింజలకు అంటుకున్న తేమను దాచుకుంటుంది. శూన్యంలో అది ఆవిరై వస్తూనే ఉంటుంది. నూనె మార్చి, పొడిని ఓవెన్‌లో గంటల తరబడి వేయించి, వేడి వేడిగానే చాంబరులో పెట్టి లాగితే 300కు వచ్చింది.

300 చాలా? మేనకోడలు లెక్క చూపించింది. మామూలు గాలిలో అణువు ఇంకో అణువును గుద్దుకోకుండా పోయే దూరం మైక్రానులో పదిహేనో వంతు. ఒత్తిడి తగ్గేకొద్దీ ఆ దూరం పెరుగుతుంది. 300 దగ్గర అది దాదాపు 170 మైక్రాన్లు. మా గింజల సందులు అంతకంటే చిన్నవి. అంటే అణువు ఇంకో అణువు కంటే ముందే గింజను గుద్దుకుంటుంది, గాలి వేడిని మోసే పని అక్కణ్ణించి పడిపోవడం మొదలవుతుంది. చంద్రుడంత శూన్యం మేము చేయలేం. అయితే మాకు కావాల్సిన మార్పు మొదలయ్యే గడప దాటాం.

ఇంకోటి. వాల్వు ఒక్కసారిగా తెరిస్తే పొడిలో ఇరుక్కున్న గాలి పైకి ఎగదన్ని దుమ్ము ఫౌంటెన్ లేస్తుంది, అదంతా పంపులోకి. వేన్లు అరిగిపోతే పంపు గతి అంతే. వాల్వు వెంట్రుకవాసి తెరిచి అరగంట పోనివ్వడం, మధ్యలో ఏసీ ఫిల్టర్ డ్రయ్యరు ఒకటి బిగించడం, ఇదీ మా పద్ధతి.

కడ్డీ

ఈ ప్రాజెక్టులో అసలు సంగతి ఇక్కడ ఉంది. సెన్సరు ఎంత మంచిదైనా కావచ్చు, దాన్ని పట్టుకున్న కడ్డీ అబద్ధం చెప్పిస్తే ఏమీ చేయలేం. చుట్టూ ఉన్నది పఫ్ కంటే గొప్ప ఇన్సులేషను. దాని మధ్యలో లోహపు కడ్డీ దింపితే వేడికి దొడ్డిదారి దొరికినట్టే. పైన వేడి కడ్డీ పట్టుకుని కిందికి దిగుతుంది, కింది సెన్సరు మట్టి వేడి కాకుండా కడ్డీ వేడి చెబుతుంది. అపోలోలో డ్రిల్లు గొట్టాలు ఉక్కుతో కాకుండా ఫైబర్‌గ్లాసుతో చేసింది ఇందుకే.

సెన్సర్లు డీఎస్18బీ20 అనే డిజిటల్ చిప్పులు. చవక, ప్రతిదానికీ సొంత నంబరు ఉంటుంది కాబట్టి ఎన్ని ఉన్నా మూడే తీగలు చాలు. ఆరు పెట్టాం: 2 మిల్లీమీటర్ల దగ్గర ఒకటి, తర్వాత 1, 2, 4, 6, 8 సెంటీమీటర్ల దగ్గర. సరిగ్గా పైన పెడితే సెన్సరు నల్లటి ఒళ్ళు లాంపు వెలుతురును నేరుగా తాగేస్తుంది, అందుకే కొంచెం పూడ్చాం. (ఐఆర్ గన్‌తో పైనుంచి చూడొచ్చుగా అని ఎవరైనా అడగొచ్చు. అద్దం అవతలిది దానికి కనబడదు, అద్దం వేడే చూపిస్తుంది.)

కడ్డీకి గ్లాస్ ఎపాక్సీ పట్టీ, 8 మిల్లీమీటర్ల వెడల్పు, 1.6 మందం. సర్క్యూట్ బోర్డులు (పీసీబీ) చేసే పలకే. దాని వాహకత్వం 0.3. అడ్డకోత వైశాల్యంతో (చదరపు మిల్లీమీటర్లలో) గుణిస్తే 3.8 వస్తుంది. ఇది మా కొలబద్ద అనుకోండి. ఇప్పుడు దాని మీద మామూలుగా రాగి ట్రాకులు గీస్తే? 35 మైక్రాన్ల మందం, అర మిల్లీమీటరు వెడల్పు, మూడు గీతలు. రాగి వాహకత్వం 400. గుణిస్తే 21! కంటికి ఆనని రాగి పూత కడ్డీ మొత్తం కంటే అయిదు రెట్లు ఎక్కువ వేడి మోస్తుంది. పోనీ మోటారు వైండింగు తీగ, 42 నంబరు, మిల్లీమీటరులో పదోవంతు మందం. మూడు తీగలకు 9.4. ఇదీ కడ్డీని మించిపోయింది.

"కరెంటు పోవాల, వేడి పోకూడదు. అట్లాంటి తీగ యాడుంటాది మామా?"

యాడో కాదు, ఫిజిక్సు ల్యాబులో. ఇంటర్‌లో మీటర్ బ్రిడ్జి, పొటెన్షియోమీటరు చేసినవాళ్ళంతా చూసిన కాన్‌స్టంటన్ తీగ. వాహకత్వం 20 దగ్గర, రాగిలో ఇరవయ్యో వంతు. తెలిసిన ల్యాబ్ అసిస్టెంటు సారు 36 నంబరు చుట్ట నుంచి రెండు బారలు కత్తిరించి ఇచ్చారు. మూడు తీగలకు లెక్క 1.8. మీటరుకు పదహారు ఓముల పైన నిరోధం ఉన్నా డిజిటల్ సెన్సరుకు లెక్కలేదు. టంకం కాస్త ఓపిగ్గా పెట్టాలి, అంతే.

తీగ మీద ఇంత గొడవేంటని మా బావ నవ్వాడు. అపోలో 16లో వ్యోమగామి జాన్ యంగ్ కాలికి తగిలి, చంద్రుడి లోపలి వేడి కొలిచే హీట్‌ఫ్లో పరికరం కేబులు ఊడిపోతే ఆ ప్రయోగం మొత్తం అక్కడితో ఆగిపోయింది, మళ్ళీ 1972 డిసెంబరులో అపోలో 17 దాకా కాచుకోవాల్సి వచ్చింది. చంద్రుడి మీద తీగంటే మాటలు కాదు.

లాంపు ఆపినా వేడెక్కే మట్టి

శూన్యం పెట్టి, లాంపు వెలిగించకుండా ఊరికే చూస్తే ఆరు సెన్సర్లూ మెల్లగా ఎక్కడం మొదలుపెట్టాయి. నాలుగైదు డిగ్రీలు. గాలి వదిలితే దిగిపోయాయి. మళ్ళీ లాగితే మళ్ళీ ఎక్కాయి.

సెన్సరు ఒక్కో కొలతకు ముప్పావు సెకను పనిచేస్తుంది, ఆ సమయంలో నాలుగైదు మిల్లీవాట్లు తింటుంది. గాలిలో అది ఎటో పోతుంది, ఎవరికీ తెలియదు. శూన్యపు దుమ్ములో పోవడానికి దారి లేక సెన్సరు తన వేడిలో తానే ఉడుకుతుంది. మేనకోడలి ప్రోగ్రాము ఆపకుండా కొలుస్తోంది మరి. అయిదు నిమిషాలకోసారి కొలిచి మిగతా సమయం నిద్రపోయేట్టు మార్చింది. గీత సాపుగా వచ్చింది. నాకైతే మొదటిసారి శూన్యం కంటికి కనిపించినంత ఆనందమైంది. పంపు గేజి చెప్పేది నమ్మకం మీద ఒప్పుకుంటాం, ఇది దుమ్ము తానే చెప్పింది.

మొదటి నమ్మదగ్గ రాత్రి

పొడి మొత్తం 30 డిగ్రీల దగ్గర మొదలు. పైన హాలోజన్ లాంపు, మూడు గంటలు.

గాలి ఉన్నప్పుడు: పై సెన్సరు 61, 2 సెంటీమీటర్ల దగ్గర 51, 8 దగ్గర 36.

300 మైక్రాన్ల దగ్గర, కాన్‌స్టంటన్ తీగతో: పైన 84, 2 దగ్గర 47, 8 దగ్గర 30.5.

అదే లాంపు, అదే దూరం. పైన ఇరవై మూడు డిగ్రీలు పెరిగింది, కింద అసలు కబురే అందలేదు. పోలిక కోసం రాగి తీగల కడ్డీ కూడా దింపి చూశాం: 8 దగ్గర 34. ఆ మూడున్నర డిగ్రీలు మట్టివి కావు, తీగవి. రిపోర్టులో ఇదే పెద్ద బొమ్మగా పెట్టమన్నాను. ఆమెకేమో 84 మీద మోజు.

కడ్డీని శూన్యం వచ్చాకే దింపాలన్నది కూడా తేలింది. ముందే దింపి గాలి లాగితే పొడి సర్దుకునేటప్పుడు కడ్డీ చుట్టూ సన్నటి ఖాళీ మిగులుతుంది, సెన్సరు మట్టిని తాకదు. గ్లాండు పెట్టినందుకు ఫలితం దక్కింది.

ఆరు డిగ్రీల వాలు

2025లో చాస్టే ఫలితాల పేపరు వచ్చింది కదా, అందులో ఒక సంగతి. కడ్డీ దిగిన చోట పైన 82 డిగ్రీలు (తొలి గ్రాఫులోని 50, 60 కాదు). మీటరు దూరంలోని చదును నేల 59. తేడాకి కారణం, కడ్డీ దిగిన చోటు సూర్యుడి వైపు 6 డిగ్రీలు వాలి ఉండటం.

ఆరు డిగ్రీలకు అంత తేడానా అని నేను నమ్మలేదు. మేనకోడలు కాగితం తీసింది. విక్రమ్ దిగింది 69 డిగ్రీల దక్షిణ అక్షాంశంలో, సూర్యుడు ఎంత ఎక్కినా దిగంతం మీద 21 డిగ్రీలే. సైన్ 21 అంటే 0.36. ఆరు డిగ్రీలు వాలితే 27, సైన్ విలువ 0.45. ఎండ నాలుగోవంతు పైన పెరిగినట్టు. నేల ఉష్ణోగ్రత ఎండకు నాలుగో ఘాతమూలం ప్రకారం పెరుగుతుంది కాబట్టి 332 కెల్విన్ కాస్తా 352 అవుతుంది, అంటే 79 సెంటీగ్రేడ్. కొలిచింది 82. కాగితం మీద పెన్నుతో ఇంత దగ్గరగా వస్తే ఇక వాదించేదేముంది! మనకు నడినెత్తిన ఎండ కాబట్టి ఆరు డిగ్రీల వాలును ఎవరూ పట్టించుకోరు. ఏటవాలు ఎండ పడే చోట వాలే సర్వం. సూర్యుడికి పెడమొహం పెట్టిన వాలు 14 డిగ్రీలు దాటితే కింద మంచు నిలిచేంత చల్లగా ఉండొచ్చని ఆ పేపరే అంటోంది.

మేమూ చాంబరు కింద చెక్క ముక్క పెట్టి ఆరు డిగ్రీలు వాల్చి, లాంపును పక్కనుంచి 21 డిగ్రీల మీద పెట్టాలనుకున్నాం. ఫ్లాంజి అంచు నీడ సగం పొడి మీద పడుతోంది. పీవీసీ పైపు కింద దిమ్మ పెట్టి పొడిని అద్దం దగ్గరికి లేపాలి, అప్పుడు అడుగున లోతు సరిపోతుందో లేదో కొలవాలి.

మార్చి

ఎండలు ముదిరాయి, పంపు పగలంతా బయటే. సాయంత్రం తిరిగొచ్చేసరికి అందులో ఎవరి ఏసీ నూనె కలిసిందో తెలియదు, చాంబరుకు తగిలించే ముందు నూనె మార్చక తప్పదు. నూనె ఖర్చు మా అక్క భరిస్తానంది. రాసుకున్నాను.

మిగిలింది వాహకత్వం నేరుగా కొలవడం. ఇప్పటిదాకా పైనుంచి కిందికి వేడి ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసి అంచనా కడుతున్నాం: గాలిలో 0.2 దగ్గర, శూన్యంలో 0.015 చుట్టుపక్కల. అపోలో కడ్డీలకు చిన్న హీటర్లు ఉండేవి. తెలిసినంత వేడి ఇచ్చి, పక్క సెన్సరు ఎంత వేగంగా ఎక్కుతుందో చూసేవాళ్ళు. మేమూ అదే చేయాలి. సన్నటి స్టీలు గొట్టంలో నిక్రోమ్ తీగ, మధ్యలో థర్మోకపులు (వేడి కొలిచే తీగల జత). అంత సన్నటి గొట్టం దొరికే చోటు ఒకటే తట్టింది: పశువుల మందుల షాపు. పదహారు గేజి సూది బయట 1.65 మిల్లీమీటర్లు ఉంటుంది. పొడవు సరిపోకపోతే రెండు కలిపి టంకం పెట్టాలి. రేపు పొద్దున పంపు పనికి పోయేటప్పుడు దారిలో అడుగుతాను.